గల్ఫ్ ప్రయాణానికి ముందు సిమ్ టాబ్: ఏది కొనాలి, ఎక్కడ ఉంచాలి?

యాకుత్‌పురాలో గల్ఫ్‌తో సంబంధం లేని గల్లీ వెతకడం కష్టం. ఒక ఇంట్లో కొడుకు రియాద్‌లో ఉంటాడు, పక్కింట్లో అల్లుడు దుబాయ్‌లో, ఎదురింటి ఆపా పెళ్లయి షికాగోలో. వీసా చేతికి వచ్చిన దగ్గర నుంచి ఇంట్లో సామాను చర్చ మొదలవుతుంది. సూట్‌కేసు, అచార్ డబ్బా, నాలుగు జతల బట్టలు అనుకునే కాలం పోయింది. ఇప్పుడు ఆ జాబితాలో టాబ్ కూడా చేరింది. "సిమ్ వేసుకునే టాబ్ ఇక్కడే కొనుక్కొని పోవాలా, అక్కడికి పోయినంక చూసుకోవాలా?" అనేది ప్రతి ఇంట్లో వినబడే ప్రశ్నే.

ఇది చూడటానికి షాపింగ్ ప్రశ్నలా ఉంటుంది. కానీ గత రెండు మూడేళ్లలో టెలికాం నిబంధనలు మారిన తీరు చూస్తే, తప్పు టాబ్ కొంటే పోయేది ఇరవై, ముప్పై వేలు మాత్రమే కాదు. బ్యాంకు ఓటీపీ రాదు, యూపీఐ పని చేయదు, కొన్ని దేశాల్లో అయితే అమ్మీతో వీడియో కాల్ కూడా కుదరదు. అందుకే కెమెరా ఎంత, ర్యామ్ ఎంత అనే లెక్కలు పక్కన పెట్టి అసలు విషయం మాట్లాడుకుందాం.

సిమ్ ఉందంటే కాల్ ఉన్నట్టు కాదు

దుకాణంలో "సిమ్ టాబ్" అని అమ్మేవన్నీ ఒకటి కాదు. సిమ్ వేస్తే ఇంటర్నెట్ మాత్రమే వచ్చేవి ఒక రకం. ఇంటర్నెట్‌తో పాటు మామూలు కాల్, ఎస్ఎంఎస్ కూడా వచ్చేవి ఇంకో రకం. ఈ తేడా బిల్లు మీద ఉండదు, సేల్స్‌మ్యాన్ కూడా చాలాసార్లు చెప్పడు.

ఐప్యాడ్ మొదటి రకం. సెల్యులర్ మోడల్ కొన్నా సరే, అందులో వేసిన సిమ్‌కు మామూలు ఫోన్ కాల్ రాదు, బ్యాంకు పంపే ఎస్ఎంఎస్ సొంతంగా రాదు. డేటాకే ఆ సిమ్. పైగా 2024 మేలో వచ్చిన ఐప్యాడ్ ప్రో, ఐప్యాడ్ ఎయిర్ మోడళ్ల నుంచి ప్లాస్టిక్ సిమ్ పెట్టే చోటే తీసేశారు, ఈ-సిమ్ మాత్రమే. అంటే ఇంట్లో ఉన్న పాత సిమ్ తీసి అందులో పెట్టడం కుదరదు. కంపెనీ దగ్గర ఈ-సిమ్‌గా మార్పించుకోవాలి. రేపు ఆ నంబరును మళ్లీ ఫోన్‌లోకి తేవాలంటే ఇంకోసారి అదే తతంగం. పరదేశంలో కూర్చొని భారతీయ నంబరుకు ఈ పని చేయించుకోవడం ఎంత తలనొప్పో, ఒకసారి సిమ్ పోగొట్టుకున్నవాళ్లకు బాగా తెలుసు.

మన దగ్గర అమ్మే సామ్‌సంగ్, లెనోవో లాంటి ఆండ్రాయిడ్ సిమ్ టాబ్‌లలో చాలావాటికి కాల్, ఎస్ఎంఎస్ రెండూ ఉంటాయి. చాలావాటికి అన్నాను, అన్నింటికీ అనలేదు. దీనికి ఒకటే పరీక్ష. డబ్బు కట్టే ముందు మీ సిమ్ తీసి అందులో వేయండి. ఇంటికి ఒక కాల్ చేయండి, ఇంటి నుంచి ఒక ఎస్ఎంఎస్ పంపించమనండి. వస్తే మంచిది, రాకపోతే అది డేటా టాబ్ అని తెలుసుకొని దానికి తగ్గ ధరే ఇవ్వండి.

ఎస్ఎంఎస్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, యూపీఐ యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఆ పరికరంలో ఉన్న సిమ్ నుంచే ఒక ఎస్ఎంఎస్ వెళ్లాలి. అది వెళ్లలేని టాబ్‌లో యూపీఐ నమోదు కాదు. వైఫై ఎంత జోరుగా ఉన్నా కాదు.

అల్మారాలో పెట్టిన సిమ్ కథ

మన వాళ్లలో ఏళ్లుగా ఒక అలవాటు ఉంది. హైదరాబాద్ నంబరుతో వాట్సాప్ పెట్టుకొని గల్ఫ్ వెళ్తారు. అక్కడ ఫోన్‌లో అక్కడి సిమ్ వేస్తారు. ఇక్కడి సిమ్‌ను ఇంట్లో పాత ఫోన్‌లోనో, అల్మారాలోనో వదిలేస్తారు. వాట్సాప్ మాత్రం పాత నంబరు మీదే నడుస్తుంది. బంధువులందరి దగ్గర అదే నంబరు కదా, మార్చడం ఎందుకని.

2025 నవంబరు 28న కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ ఇచ్చిన ఆదేశం సరిగ్గా ఈ అలవాటు మీద దెబ్బ. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ లాంటి యాప్‌లు ఏ నంబరుతో నమోదైతే ఆ సిమ్ పరికరంలో ఉన్నప్పుడే పని చేసేలా మార్చాలని ఆ ఆదేశం చెప్పింది. దీన్ని సిమ్ బైండింగ్ అంటున్నారు. కంపెనీలకు 90 రోజుల గడువు ఇచ్చింది. వెబ్ ద్వారా వాడే వాట్సాప్ 6 గంటలకు మించకుండా లాగవుట్ కావాలని, మళ్లీ క్యూఆర్ కోడ్‌తో కలుపుకోవాలని కూడా చెప్పింది. టాబ్‌లో బ్రౌజర్ తెరిచి వాట్సాప్ చూసుకునేవాళ్లకు ఇది నేరుగా తగిలే మాట.

విదేశాల నుంచి భారతీయ నంబర్లు వాడి చేసే డిజిటల్ మోసాలను ఆపడానికే ఇది అని ప్రభుత్వం కారణం చెప్పింది. ఆ మోసాలు నిజమే. మన పాతబస్తీలోనూ పెన్షన్ డబ్బు పోగొట్టుకున్న పెద్దవాళ్లు ఉన్నారు. కానీ నిజాయితీగా కూలి చేసుకునే గల్ఫ్ కార్మికుడు కూడా అదే జల్లెడలో పడుతున్నాడు. సిమ్ ఫోన్‌లోనే ఉండి రోమింగ్‌లో ఉంటే ఇబ్బంది లేదని శాఖ వివరణ ఇచ్చింది. అంటే ఇక్కడి సిమ్‌ను వెంట తీసుకెళ్లినవాడు సురక్షితం, అల్మారాలో పెట్టినవాడు కాదు. ఇలాంటి ఆదేశాల గడువులు ముందుకూ వెనక్కూ జరుగుతుంటాయి. కానీ రెండేళ్ల కాంట్రాక్టు మీద పోయేవాడు ఇవాళ్టి రూలు చూసుకొని కాదు, గాలి ఎటు వీస్తోందో చూసుకొని ఏర్పాటు చేసుకోవాలి.

ఇక్కడే టాబ్ ఎంపిక తేలిపోతుంది. రెండు సిమ్‌ల ఫోన్ ఉంటే ఒక దాంట్లో హైదరాబాద్ సిమ్, ఇంకో దాంట్లో అక్కడి సిమ్ పెట్టుకోండి. వాట్సాప్ ఆ ఫోన్‌లోనే ఉండనివ్వండి. టాబ్‌ను దానికి లింక్ చేసుకోవచ్చు. ఐప్యాడ్ కోసం వాట్సాప్ సొంత యాప్ 2025 మేలో వచ్చింది, ఆండ్రాయిడ్ టాబ్‌లకు అంతకు ముందే ఉంది. ఒక ఖాతాకు నాలుగు పరికరాల దాకా కలుపుకోవచ్చు. అసలు ఫోన్ 14 రోజులకు మించి వాడకపోతే మాత్రం లింకులన్నీ తెగిపోతాయి. ఒక్క సిమ్ ఫోన్ ఉన్నవాళ్లకు మాత్రం కాల్, ఎస్ఎంఎస్ వచ్చే సిమ్ టాబ్ నిజంగా అక్కరకొస్తుంది. భారతీయ సిమ్‌కు అదే ఇల్లు అవుతుంది.

ఇక్కడి నంబరు అక్కర్లేదనుకుంటే వాట్సాప్‌లోనే నంబరు మార్చుకునే ఏర్పాటు ఉంది. అక్కడి సిమ్ చేతికి వచ్చిన వారంలోనే మార్చేయండి, గ్రూపులు ఎక్కడికీ పోవు. కానీ బ్యాంకు, ఆధార్ ఆ నంబరుకే ముడిపడి ఉంటే దాన్ని చావనివ్వకండి. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే ప్రీపెయిడ్ నంబరు రద్దు కావచ్చు. ఖాతాలో 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే అది కోసుకొని ఇంకో 30 రోజులు పొడిగించాలని ట్రాయ్ 2013 నాటి నిబంధనల్లో ఉంది. రద్దయిన నంబరును 90 రోజుల తర్వాత వేరేవాళ్లకు ఇవ్వొచ్చని 2023 నవంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసులో ట్రాయ్ చెప్పింది. అంటే జెద్దాలో ఉన్న మీ ఓటీపీ ముక్కూ ముఖం తెలియని ఇంకొకరి ఫోన్‌లో మోగుతుంది.

దీనికి మందు కూడా ట్రాయ్ దగ్గరే ఉంది. డేటా అక్కర్లేనివాళ్ల కోసం కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాక్‌లు విడిగా పెట్టాలని, వాటికి 365 రోజుల దాకా గడువు ఇవ్వొచ్చని 2024 డిసెంబరులో ఆదేశించింది. నెల తిరగకుండానే కంపెనీలు అలాంటివి తెచ్చాయి. అప్పట్లో ఏడాది, పదకొండు నెలల ప్యాక్‌ల ధరలు 1,700 నుంచి 1,900 రూపాయల మధ్య ఉన్నాయి. బయల్దేరే ముందు ఇలాంటిది ఒకటి వేయించి, అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించుకుంటే రోమింగ్‌లో వచ్చే ఎస్ఎంఎస్‌లకు సాధారణంగా డబ్బు పడదు. రోమింగ్ డేటాను మాత్రం ఆఫ్‌లో పెట్టండి. విమానం దిగి టాబ్ ఆన్ చేయగానే అప్‌డేట్లు మొదలై బిల్లు పేలిపోయే ప్రమాదం ఉంది.

ఇంకో దారి, అక్కడి నంబరుతోనే యూపీఐ. 2023 జనవరిలో ఎన్‌పీసీఐ పది దేశాల నంబర్లకు ఈ వీలు ఇచ్చింది. వాటిలో సౌదీ, యూఏఈ, ఖతార్, ఒమన్, అమెరికా, బ్రిటన్, కెనడా ఉన్నాయి. ఖాతా ఎన్ఆర్ఈ లేదా ఎన్ఆర్ఓ అయి ఉండాలి. ఆ మొదటి జాబితాలో కువైట్, బహ్రెయిన్ లేవు. కువైట్ వెళ్లేవాళ్లు ఇక్కడి సిమ్ మీద ఇంకాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

దుబాయ్‌లో వీడియో కాల్ అంటే

టాబ్ కొనేది ముఖ్యంగా ఇంటివాళ్ల ముఖం పెద్ద తెర మీద చూసుకోవడానికే. మరి ఆ దేశంలో ఆ కాల్ వెళ్తుందా? యూఏఈలో వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది, వాట్సాప్ కాల్ వెళ్లదు. అక్కడ అనుమతి ఉన్న యాప్‌లలోనే ఇంటర్నెట్ కాల్ చేయాలి. బోటిమ్ అలాంటిదే. ఎతిసలాత్, డూ కంపెనీలు దీని కోసం విడిగా ఇంటర్నెట్ కాలింగ్ ప్యాక్‌లు అమ్ముతాయి. ప్యాక్ అక్కడున్నవాళ్లకే కావాలి, యాకుత్‌పురాలో ఉన్నవాళ్లు యాప్ వేసుకుంటే చాలు. సౌదీ 2017 సెప్టెంబరులో ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధం ఎత్తేసింది. అయినా వాట్సాప్ కాల్స్ విషయంలో అక్కడ ఏళ్ల తరబడి తిప్పలు తప్పలేదు. పాతకాలం స్కైప్ మీద ఆశ పెట్టుకున్న పెద్దవాళ్లకు ఒక మాట, అది 2025 మేలోనే మూతపడింది.

"భాయ్, వీపీఎన్ వేసి ఇస్తా, దుబాయ్‌లో అన్నీ నడుస్తయ్" అని టాబ్‌తో పాటు ఉచితంగా వేసిచ్చే దుకాణాలు ఉన్నాయి. వద్దనండి. యూఏఈ 2021లో తెచ్చిన సైబర్ నేరాల చట్టం, అంటే 34వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం, నేరం చేయడానికో దాన్ని దాచడానికో ఐపీ చిరునామాను మార్చి వాడితే జైలు, లేదా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా, లేదా రెండూ అంటోంది. వీపీఎన్ ఉండటమే నేరం కాదు, కంపెనీలు పని కోసం వాడుకుంటాయి. కానీ ఆపేసిన కాల్స్ కోసం దాన్ని వాడి, తర్వాత నేరమా కాదా అని అక్కడి పోలీసు ముందు వాదించుకునే స్తోమత మన పిల్లల దగ్గర ఉందా? నెలకు ఇన్ని దిర్హమ్‌లు ప్యాక్‌కు పెట్టడం దానికంటే చవక.

2025 సెప్టెంబరులో జెద్దా దగ్గర ఎర్ర సముద్రం కింద కేబుళ్లు తెగినప్పుడు గల్ఫ్‌లోనూ మన దగ్గరా ఇంటర్నెట్ నెమ్మదించింది. అలాంటి రోజున ఏ టాబ్ అయినా ఒకటే. సాదా కాల్‌కు నాలుగు రియాళ్ల బ్యాలెన్స్ ఫోన్‌లో ఉంచుకోవాలి.

ఇక్కడ కొనాలా, అక్కడా?

పన్ను లెక్క చూస్తే మన దగ్గర టాబ్ మీద జీఎస్‌టీ 18 శాతం. 2025 సెప్టెంబరు 22న పెద్ద టీవీలకు, ఏసీలకు పన్ను తగ్గింది కానీ ఫోన్లు, టాబ్‌లకు తగ్గలేదు. యూఏఈ, ఒమన్‌లలో వ్యాట్ 5 శాతం, బహ్రెయిన్‌లో 10. సౌదీలో 2020 జులై నుంచి 15. కువైట్, ఖతార్‌లలో వ్యాట్ లేదు. కాబట్టి దుబాయ్, దోహా, కువైట్ వెళ్లేవాళ్లు పెద్ద ధర టాబ్ అక్కడ కొంటేనే లాభం ఉండొచ్చు. సౌదీ వెళ్లేవాళ్లకు ఆ తేడా దాదాపు లేనట్టే. వారంటీ కూడా ఇటే మొగ్గుతుంది. సిమ్ ఉన్న పరికరాలకు కొన్న దేశంలోనే మరమ్మతు అనే షరతు చాలా కంపెనీలు పెడతాయి. రెండేళ్లు అక్కడ వాడే వస్తువుకు వారంటీ కాగితం ఇక్కడిదైతే, తెర పగిలినప్పుడు ఆ కాగితం దేనికీ పనికిరాదు.

ఇక్కడ కొన్నది అక్కడ నెట్‌వర్క్ పట్టుకుంటుందా అని చాలామంది అడుగుతారు. గల్ఫ్‌లో చాలావరకు పట్టుకుంటుంది. 4జీకి మన దగ్గరా అక్కడా 1800 మెగాహెర్ట్జ్ బ్యాండ్, అంటే 3వ నంబరు బ్యాండ్, బాగా వాడుకలో ఉంది. 5జీకి 3.5 గిగాహెర్ట్జ్ దగ్గరి ఎన్78 రెండు చోట్లా ఉంది. అమెరికా సంగతి వేరు. అక్కడి కంపెనీలు ఎక్కువగా వాడే 12, 13, 66, 71 నంబర్ల బ్యాండ్లు మన చవక టాబ్‌లలో చాలావాటికి ఉండవు. షికాగో, డాలస్ వెళ్లే ఆడపిల్లకు కట్నం సామానులా ఇక్కడి సిమ్ టాబ్ కట్టి పంపడం దండగ. వైఫై టాబ్ పంపండి, లేదా ఆ డబ్బు చేతికివ్వండి.

కొన్ని సామ్‌సంగ్ పరికరాల పెట్టె మీద, ముందుగా ఈ ప్రాంతపు సిమ్‌తో మొదలుపెట్టాలని, ఐదు నిమిషాలకు తగ్గకుండా కాల్స్ మాట్లాడాలని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అది చేయకుండా సీల్ విప్పకుండా తీసుకెళ్తే అక్కడి సిమ్‌ను ఒప్పుకోకపోవచ్చు. గిఫ్టుగా ప్యాక్ చేసి ఇచ్చే మామూలకు ఇక్కడే బోల్తా పడే అవకాశం. పెట్టె విప్పి, ఇక్కడి సిమ్ వేసి, కాసేపు మాట్లాడి అప్పుడు పంపండి.

ఇక నా అభిప్రాయం. గల్ఫ్‌లో ఉద్యోగానికి పోయే ఎక్కువమందికి సిమ్ టాబ్ అవసరం లేదు. రెండు సిమ్‌ల మంచి ఫోన్, దాని హాట్‌స్పాట్‌తో నడిచే వైఫై టాబ్ చాలు. సిమ్ మోడల్‌కు పెట్టే అదనపు డబ్బు ఒకసారిది కాదు, ప్రతి నెలా ఇంకో డేటా ప్యాక్ కూడా కావాలి. సౌదీలో ప్రతి సిమ్‌కూ వేలిముద్ర వేయాలి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో లెక్క కూడా మీదే. డ్రైవర్ పనికి పోయేవాళ్లది వేరే లెక్క. వైఫై ఐప్యాడ్‌లో జీపీఎస్ చిప్ ఉండదు, సెల్యులర్ ఐప్యాడ్‌లోనే ఉంటుంది. దారి చూపించే పని ఉంటే సిమ్ మోడల్ తీసుకోవాల్సిందే. ఖిబ్లా దిశ చూసుకుందామనుకునేవాళ్లు కూడా గమనించాలి, చవక ఆండ్రాయిడ్ టాబ్‌లలో కొన్నింటికి దిక్సూచి సెన్సర్ ఉండదు. యాప్ బాణం చూపిస్తుంది కానీ అది తిరగదు.

సిమ్ టాబ్ నిజంగా అవసరమైన చోటు యాకుత్‌పురాలోని ఇల్లే అంటాను. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది, సిమ్ టాబ్ ఆగదు. కళ్లు సరిగా కనిపించని అబ్బాకు పది అంగుళాల తెర మీద మనవడి ముఖం కనిపిస్తుంది. పిల్లల ఖురాన్ పాఠం ఉస్తాద్ దగ్గర ఆన్‌లైన్‌లో నడవాలన్నా, స్కూలు పని చేసుకోవాలన్నా అదే. ఆండ్రాయిడ్ టాబ్ అయితే గూగుల్ కీబోర్డులో తెలుగు, ఉర్దూ రెండూ పెట్టుకోవచ్చు. అన్నింటికన్నా ముఖ్యం, కాల్ వచ్చే టాబ్ అయితే అమ్మీ నంబరు దాంట్లోనే వేసి ఆమె వాట్సాప్ నేరుగా అందులోనే నడిపించుకోవచ్చు. సిమ్ బైండింగ్ గొడవా ఉండదు.

సెకండ్ హ్యాండ్ మాట. ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో మంచి బేరాలు దొరుకుతాయి, కాదనను. అయితే డబ్బు ఇచ్చే ముందు ఐఎంఈఐ నంబరు చూడండి. డయల్ చేసే వీలు ఉంటే *#06# కొట్టాలి, లేకపోతే సెట్టింగ్స్‌లో ఉంటుంది. కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఖాళీ ఇచ్చి, ఆ 15 అంకెలూ వేసి 14422కు ఎస్ఎంఎస్ పంపితే ఆ పరికరం ఏ మోడల్, బ్లాక్ అయిందా లేదా అనేది తెలుస్తుంది. దొంగతనం వస్తువు అయితే ఇక్కడ నెట్‌వర్క్ పోవడమే కాదు, పోలీసు ఫోన్ కూడా వస్తుంది, అది కూడా మీరు రియాద్‌లో ఉన్నప్పుడు మీ నాన్నకు. ఐప్యాడ్ అయితే పాత యజమాని ఆపిల్ ఖాతా నుంచి బయటికి వచ్చాడా చూడాలి. రాకపోతే రీసెట్ చేసిన తర్వాత అది ఉత్త అద్దం ముక్క.

బయల్దేరడానికి ముందు వారం ఒక పూట ఇందుకే కేటాయించండి. రెండు వైపులా వాడే యాప్ ఇంట్లో టాబ్‌లో వేసి, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి కాల్ చేసి అమ్మీకి ఎత్తడం నేర్పండి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రం ఫొటోలు ఇంటర్నెట్ లేకున్నా తెరుచుకునేలా టాబ్‌లో దాచండి. ఒక కాపీ ఇంట్లో కూడా ఉండాలి. టాబ్, పవర్ బ్యాంక్ చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ సామానులో పవర్ బ్యాంక్‌ను ఒప్పుకోరు. ఎమిరేట్స్‌లో 2025 అక్టోబరు నుంచి ప్రయాణంలో దాన్ని వాడనివ్వడం కూడా లేదు, కాబట్టి ఇంట్లోనే చార్జింగ్ నిండుగా చేసుకొని బయల్దేరండి. గల్ఫ్‌లో గోడ సాకెట్లు ఎక్కువగా బ్రిటిష్ రకం చదరపు మూడు పిన్నులవి, మన గుండ్రటి పిన్ను వాటిలో దూరదు. ఆ అడాప్టర్ కోఠీ గుజరాతీ గల్లీలో తక్కువలోనే వస్తుంది, ఎయిర్‌పోర్టులో అదే దానికి చాలా ఎక్కువ అడుగుతారు.